ఊరికే డైరెక్టర్ అవ్వమంటే ఒప్పుకోవచ్చా?

ఈరోజు టాపిక్ చిన్నదే, కానీ తేడా వస్తే ఐదేళ్లు ఇరుక్కుంటారు.

"అబ్బయా, నీ ఆధార్, పాన్ ఇయ్యి. కంపెనీలో డైరెక్టర్‌గా పేరు పెడతాం. పనేం ఉండదు, నెలనెలా డబ్బులొస్తాయి." ఇలా ఎవరైనా అడిగితే ఏం చేస్తారు?

ముందు, వాళ్లకి మీరెందుకు కావాలో చూద్దాం. 2013 కంపెనీల చట్టం 149వ సెక్షన్ ప్రకారం ప్రతి కంపెనీలో కనీసం ఒక డైరెక్టర్ ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులైనా ఇండియాలో ఉండాలి. అంటే బయటి దేశం వాళ్లు ఇక్కడ కంపెనీ పెట్టాలంటే ఇక్కడుండే మనిషి తప్పనిసరి.

అమెరికాలోని డెలావేర్‌లో రిజిస్టర్డ్ ఏజెంట్ అని ఉంటాడు. కంపెనీకి వచ్చే నోటీసులు అందుకోవడం వరకే అతని పని. మన దగ్గర డైరెక్టర్ అలా కాదు, కంపెనీ నడిపే బాధ్యత ఉన్న మనిషి. బోటు మీ పేరు మీద ఉంటే, దాన్ని ఎవరు నడిపినా అధికారులు ముందు వచ్చేది మీ ఇంటికే కదా! ఇదీ అంతే.

కంపెనీ వరసగా మూడేళ్లు లెక్కలు ఫైల్ చేయలేదనుకోండి, 164వ సెక్షన్ కింద మీరు ఐదేళ్లు ఏ కొత్త కంపెనీలోనూ డైరెక్టర్ కాలేరు. రేపు సొంతంగా రొయ్యల ఎగుమతి కంపెనీ పెడదామన్నా కుదరదు. 2017లో ఇలా 3 లక్షల మందికి పైగా అనర్హులయ్యారు. రాజీనామా చేశాను కదా అన్నా, మీరున్న కాలంలో జరిగిన తప్పులకు బాధ్యత పోదు.

2022 సెప్టెంబర్‌లో డమ్మీ డైరెక్టర్లతో నడిచిన చైనా లింకుల షెల్ కంపెనీల కేసులో గురుగ్రామ్, బెంగళూరుతో పాటు మన హైదరాబాద్‌లోనూ సోదాలు జరిగాయి.

రిజిస్టర్డ్ ఆఫీసు కోసం మీ ఇంటి అడ్రస్, కరెంటు బిల్లు అడిగినా జాగ్రత్తే. నోటీసులు అక్కడికే వస్తాయి. అనుమానం వస్తే రిజిస్ట్రార్ మనుషులు నేరుగా వచ్చి చూడొచ్చు.

అలాగని డబ్బు తీసుకుని డైరెక్టర్‌గా ఉండటమే తప్పని కాదు. కాకపోతే కంపెనీ చేసే వ్యాపారం ఏంటో తెలుసుకోండి. బ్యాంకు లెక్కలు, మీటింగ్ కాగితాలు చూపించమనండి. మీ డిజిటల్ సిగ్నేచర్, ఓటీపీ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. "అవన్నీ నీకెందుకు" అన్నారంటే, ఆ డబ్బు మనకొద్దు.

మీ ఫ్రెండ్స్‌లో ఎవరికైనా ఇలాంటి ఆఫర్ వచ్చుంటే, సంతకం పెట్టకముందే ఇది పంపించండి. మళ్లీ కలుద్దాం.