తొక్కితే బతికే బాటలు

ఫ్రాన్సు దేశంలో, బర్గండీ ప్రాంతాన, మోర్వాన్ అనే కొండసీమ ఉన్నది. అక్కడి కొండలు మరీ ఎత్తయినవి కావు. అన్నిటికన్న పెద్ద శిఖరం 901 మీటర్లు. ఒక మిట్ట ఎక్కి దిగేసరికి మరొక మిట్ట ఎదురవుతుంది. నడుమ అడవులు, పచ్చిక బీళ్లు, షారొలే జాతి తెల్లని పశువులు, వాటి పక్కగా సాగే కంకర బాటలు!

ఈ బాటలపై సైకిలు తొక్కడం ఇప్పుడు చాలామందికి వేడుక. ఆ సైకిళ్ల టైర్లు సుమారు 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటవి. వాటిలో గాలి కాస్త తక్కువగా కొడతారు. ఎందుకో చెప్పగలరా, పిల్లలూ? గాలి బిగువుగా ఉన్న టైరు ప్రతి రాతిమీదా ఎగిరిపడుతుంది. తొక్కేవాడి బలం కొంత అందుకే వృథా అవుతుంది. మెత్తని టైరు రాతిమీద అణిగి, నేలను పట్టుకుని సాగుతుంది.

అక్కడ గ్రామపాలన చూసే సంస్థను కమ్యూను అంటారు. పొలాల నడుమ పోయే ఇటువంటి బాటలు చాలా వరకు దానివే. జనం రాకపోకలు సాగినంతకాలం అవి అందరివీ. వాడుక తప్పిపోతే మాత్రం, విచారణ జరిపి కమ్యూను వాటిని అమ్మివేయవచ్చు. దున్ని పొలంలో కలుపుకున్నాక ఇక బాట ఎక్కడిది?

కనుక ఆదివారంనాడు సరదాకు సైకిలెక్కిన పిల్లవాడు కూడా, తనకు తెలియకుండానే, తన ఊరి బాటను కాపాడుతున్నాడన్నమాట.