వ్యాపారవిద్యాలయముల భవనములు

వర్తకము నేర్చుకొనుటకు విద్యాలయమెందులకు, ఆ విద్యాలయమునకు మేడలెందులకు అని యడుగు పెద్దలు మనలో నేటికిని గలరు. వారి మాటలో కొంత న్యాయము లేకపోలేదు. మన షావుకారుల యిండ్లలో కుమారుడు తండ్రి ప్రక్కన దుకాణపు గద్దెమీద కూర్చుండి, చిట్టా ఆవర్జాలు వ్రాయుచు, బేరమునకు వచ్చినవాని ముఖము చూచి మనసు గ్రహించుట నేర్చెడివాడు. ఆ గద్దెయే వాని బడి. అయితే వేలకొలది జనము పనిచేయు కర్మాగారములును, దేశదేశములకు సరకు పంపు కంపెనీలును పుట్టిన పిమ్మట, వాని నిర్వహణము ఒక తండ్రి యొక కొడుకునకు నేర్పగల పని గాకపోయెను. అందుచేత వ్యాపారనిర్వహణ విద్యాలయములు వెలసినవి. వాని కట్టడములను, వసతులను గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచితిని.

ఈ విషయము కేవలము శిల్పులకు వినోదము గాదు. ఇట్టి చదువునకు రుసుము లక్షలలో నుండును; పెక్కు కుటుంబములు బ్యాంకులో అప్పుచేసి పిల్లలను పంపుచున్నవి. విద్యాలయమువారు పంపు రంగుల పుస్తకమును తెరచినచో మొదట కన్పట్టునవి తరచుగా అధ్యాపకుల పేర్లు గావు. ఈతకొలను, పచ్చికబయలు, అద్దాల మేడ. వీనిలో ఏది చదువునకు తోడ్పడు వసతి, ఏది పెండ్లిపందిటి తోరణమువంటి అలంకారము అను వివేకము తల్లిదండ్రులకు గావలెను. పేరెన్నికగన్న కొన్ని ఆవరణములను ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో ఆ వివేకము కొంత కలుగవచ్చును.

మొదట అమెరికాలోని హార్వర్డును జూతము. ఆ విశ్వవిద్యాలయము 1908లోనే వ్యాపారవిద్యాశాఖను స్థాపించినను, చాలకాలము దానికి సొంత యిల్లు లేదు. 1924లో జార్జి బేకరు అను న్యూయార్కు బ్యాంకరు 50 లక్షల డాలర్లు దానమిచ్చుటచే, చార్లెసు నదికి ఆవలి యొడ్డున, బోస్టను వైపున, ఎఱ్ఱయిటుకతో నొక చిన్న పట్టణమే లేచెను. 1927లో దానికి ప్రారంభోత్సవము జరిగెను. నడుమ నదికి ఎదురుగా గ్రంథాలయము, ఇరుప్రక్కల విద్యార్థుల నివాసములు. ఆ నివాసములలో పెక్కింటికి అమెరికా ప్రభుత్వమున ఖజానా మంత్రులుగా నుండినవారి పేర్లు పెట్టిరి. సరస్వతి యింట లక్ష్మి కొలువువారి పేర్లు చెక్కుట మనకు వింతగా దోచునుగాని, దాత బ్యాంకరుగదా! మంచు దట్టముగా కురియు దేశమగుటచే భవనమునుండి భవనమునకు నేలక్రింద సొరంగమార్గములు గూడ నేర్పరచిరి.

అయినను హార్వర్డు ఆవరణములో లోకము ననుకరించినది ఆ ఇటుకగోడలను గాదు. అచ్చటి తరగతి గదిని. దాని రహస్యము తెలియవలెనన్న అచ్చటి బోధనపద్ధతి తెలియవలెను. దానిని కేసు పద్ధతి యందురు. ఒక కంపెనీకి నిజముగా వచ్చిన చిక్కును కొన్ని పుటలలో అచ్చువేసి విద్యార్థులకిత్తురు. వారు రాత్రి దానిని చదివి, గుంపుగా చర్చించి, ఉదయము తరగతికి వత్తురు. గురువు ఉపన్యసింపడు, ప్రశ్న వేసి ఊరకుండును. ఒకడు చెప్పినదానిని మరియొకడు ఖండించును. మూడవవాడు ఇద్దరిదియు తప్పనును. ఇట్టి వాదము వరుసబల్లల గదిలో సాగునా? ముందువాడు వెనుకవానికి వీపు మాత్రమే చూపును. ప్రతివాడును గురువునే చూచి మాటాడును. వాదము కాస్తయు వప్పగింతగా మారును. కావున బల్లలను గుఱ్ఱపులాడము ఆకారమున, మెట్లుమెట్లుగా పైకి లేచునట్లు అమర్చిరి. అందరికిని అందరి ముఖములు కానవచ్చును. ప్రతివాని యెదుట వాని పేరు వ్రాసిన పలక యుండును. గురువు నడుమ పల్లమున నిలిచి ఇటునటు తిరుగుచుండును. 1953లో కట్టిన ఆల్డ్రిచ్ మందిరములో ఈ గది స్థిరరూపము దాల్చెను. మన దేశమున గూడ అనేక విద్యాలయములు ఇట్టి గదులను కట్టించినవి. కట్టించి, అందులో నిలిచి నోట్సు చెప్పి వ్రాయించు నధ్యాపకులును గలరు. వీణను గొని గోడకు వ్రేలాడదీసినట్లే.

ఇక మన దేశమునకు వత్తము. అహమ్మదాబాదులో 1961లో స్థాపింపబడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటునకు తొలిదినములలో హార్వర్డువారి తోడ్పాటు లభించెను. కేసు పద్ధతియు వారినుండియే వచ్చెను. కాని కట్టడము మాత్రము అచ్చటి నకలు గాదు. బాలకృష్ణ దోషి యను మన శిల్పి సూచనపై, 1962లో అమెరికాశిల్పి లూయీ కాన్‌కు ఆ పని నప్పగించిరి. దోషియు, అనంత రాజేయు ఆయనకు కుడిభుజములై పనిచేసిరి. బడి యనునది చెట్టుక్రింద కొందరితో మాటాడుచు, తాను గురువునని యెరుగని మనుష్యునితో మొదలైనదని కాన్ చెప్పుచుండెడివాడట. చెట్టునీడ ఋషులను విన్న మనకీ మాట క్రొత్తది గాదు.

ఆయన ఎన్నుకొన్న వస్తువు ఇటుక. ఇటుక బరువు మోయగలదుగాని లాగుడును సహింపలేదు. అందుచే ఇటుకగోడలో వెడల్పైన ద్వారము తెరవవలెనన్న కమాను గావలెను. కమాను చదునగుకొలది దాని రెండు కాళ్లును ప్రక్కలకు త్రోయును. ఆ త్రోపును బిగబట్టుటకు కాన్ రెండు కాళ్లను గలుపుచు కాంక్రీటు దూలము నడ్డముగా వేసెను. ధనుస్సునకు నారి యెట్టిదో కమానునకు ఆ దూలమట్టిది. గోడలలో గుండ్రని పెద్ద తెరపులు. వాని వెనుక లోతైన వసారాలు. ఎండ లోపలిగదిని నేరుగా తాకదు, గాలి మాత్రము చొచ్చుకొనిపోవును.

నాకన్నిటికన్న మెచ్చదగినదిగా దోచునది అచ్చటి వసతిగృహముల యేర్పాటు. హాస్టలన్నంతనే మనకు స్ఫురించునది రైలుపెట్టెవంటి పొడుగాటి నడవ, దాని కిరువైపుల తలుపులు. కాన్ ఆ నడవనే తీసివేసెను. పదేసి గదులను ఒక మెట్లవరుస చుట్టును, తేనీరు ద్రాగు నొక చిన్న చావడి చుట్టును కూర్చెను. విద్యార్థి తన గదికి పోవలెనన్నను, బయటికి రావలెనన్నను ఆ చావడి మీదుగనే నడవవలెను. నడచినప్పుడు ఎవరో యొకరు ఎదురుపడుదురు. మరునాటి కేసును గూర్చి మాట మొదలగును. వసతిగృహములకును అధ్యాపకుల యిండ్లకును నడుమ నొక చెఱువు త్రవ్వవలెనని గూడ ఆయన తలచెను. ఆ చెఱువు మాత్రము కాగితము దిగి నేలమీదికి రాలేదు. 1974 మార్చిలో అహమ్మదాబాదునుండి తిరిగిపోవుచు కాన్ న్యూయార్కు రైల్వేస్టేషనులో మరణించెను.

ఇంత కీర్తిగన్న కట్టడము గూడ ఎండవానలకు లోబడినదే. ఇటుకలు పొరలు పొరలుగా రాలినవి, కప్పులు కారినవి, 2001 నాటి భూకంపము గోడలను కదల్చెను. 2020 డిసెంబరులో విద్యాలయమువారు 18 పాత వసతిగృహములలో 14 పడగొట్టి క్రొత్తవి కట్టుదుమని ప్రకటించిరి. నానాదేశముల శిల్పులు నిరసించుచు లేఖలు వ్రాసిరి. 2021 జనవరి మొదటనే ఆ ప్రకటనను ఉపసంహరించుకొనిరి. మరల 2022 నవంబరులో, నిపుణుల పరీక్షను జూపి, పాత కట్టడములలో కొన్నిటిని తిరిగి కట్టక తప్పదనిరి.

ఈ వివాదమున నేనొక పక్షమునకు పూర్తిగా ఒదుగలేకున్నాను. పెచ్చులూడు కప్పుక్రింద పండుకొనవలసినవాడు విద్యార్థిగాని లేఖ వ్రాసిన శిల్పి గాడు. అయితే అదే ఆవరణములోని విక్రం సారాభాయి గ్రంథాలయమును బృందా సోమయా గారి సంస్థవారు ఓపికతో బాగుచేయగా, దానికి 2019లో యునెస్కోవారి బహుమతి లభించెను. బాగుచేయుట అసాధ్యమను మాటను ఈ గ్రంథాలయమును జూచిన పిమ్మట నొప్పుకొనుట కష్టము. అసలు చిక్కు మరియొకచోట నున్నది. భవనము కట్టుటకు దాత దొరకును. ఏటేట దూలములు పరీక్షించి, నెఱ్ఱెలు పూడ్చుటకు దాత దొరకడు. తరుగుదలకు నిధి తీసి యుంచవలెనని ప్రతి విద్యార్థికిని మొదటి యేటనే బోధించు విద్యాలయములకు ఇంతకన్న మంచి కేసు వేరొకటి దొరకునా?

బెంగుళూరిలోని సంస్థ 1973లో స్థాపింపబడినది. బన్నేరుఘట్ట రోడ్డుమీద సుమారు 100 ఎకరములలో దాని ఆవరణమును దోషిగారే నిర్మించిరి. అచ్చట ఇటుక లేదు. ఆ సీమలో దొరకు బూడిదవన్నె రాయి. ఫతేపూరుసిక్రీలోని మండపములును, ముంగిళ్లును ఆయనకు మనసులో మెదలినవట. తరగతి గదులకన్న వానిని గలుపు నడవలే అచ్చట ప్రధానములు. కొన్నిచోట్ల పైకప్పు గలదు, కొన్నిచోట్ల రాతిదూలముల పందిరి మాత్రమే గలదు. తీగెలు ప్రాకి, గడియగడియకు నీడల ముగ్గు మారుచుండును. తరగతి విడిచిన పిమ్మట అధ్యాపకుని వెంట నడచుచు అడిగిన ప్రశ్నయే నిజమైన పాఠమని దోషిగారి యభిప్రాయము. ఆ యూరి చల్లని వాతావరణము దీనికి తోడ్పడినది. నెల్లూరిలోనో, రామగుండములోనో వైశాఖమాసమున ఇట్టి నడవలలో తర్కించువారుందురా యన్నది సందేహమే. 2018లో దోషిగారికి ప్రిట్జ్‌కరు బహుమానము వచ్చెను. భారతీయ శిల్పులలో దానిని మొదట బడసినవారాయనయే. 2023లో ఆయన పరమపదించిరి.

మన హైదరాబాదులో గచ్చిబౌలి చెంత 2001లో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఆవరణము మరియొక తీరుది. సుమారు 260 ఎకరములు. గుండ్లమీద గుండ్లు పేర్చినట్లున్న దక్కను బండల నడుమ తెల్లని మేడలు. దీనిని రూపొందించినది అమెరికాలోని అట్లాంటాకు చెందిన జాన్ పోర్ట్‌మన్ సంస్థ. నడిమిభాగమున అనేకాంతస్తుల యెత్తు ఖాళీగా విడిచిన మహాహోటళ్లకు ఆ పోర్ట్‌మన్ ప్రసిద్ధుడు. ఇచ్చటి విద్యామందిరపు నడుమను గూడ అట్టి విశాలమైన తెరపియే గలదు. మన పాతయిండ్ల మండువాను బహుగుణముగా పెంచి, పైన గప్పువేసి, యంత్రముతో చల్లబరచినట్లుండును. విద్యార్థుల నివాసములు గుంపులుగా నున్నవి. నలుగురికి నాలుగు గదులు, నలుగురికి నొకటే చావడి. ఈతకొలనును, వ్యాయామశాలయు గలవు. దీనిని విలాసమని కొందరందురు. నేనంత తొందరపడి యనను. అచ్చటి ముఖ్యమైన చదువు ఒక్క యేటిది. వచ్చువారు ఉద్యోగము చేసి, జీతము విడిచి వచ్చినవారు. వారికి కాలమే ధనము గావున అన్నియు నడకదూరమున నుండుట అక్కరయే. కాని కాన్ గోడతో చేసిన చల్లదనమును ఇచ్చట విద్యుచ్ఛక్తితో చేయవలసివచ్చెను. దాని బిల్లు ఏదో యొక రూపమున రుసుములో చేరక మానదు.

మేడలు లేకుండ చదువు సాగదా యన్న ప్రశ్నకు చరిత్రయే బదులు చెప్పుచున్నది. కలకత్తా సంస్థ జోకాలోని చెఱువుల నడుమకు పోకమునుపు ఎమరాల్డ్ బవర్ అను పాతభవంతిలో నడచెను. విశాఖపట్టణములో 2015లో పుట్టిన సంస్థ, బెంగుళూరు సంస్థ పోషణలో, ఆంధ్రవిశ్వవిద్యాలయపు భవనములలో పాఠములు మొదలిడెను. గంభీరములోని దాని శాశ్వత ఆవరణమునకు ప్రారంభోత్సవము 2024 ఫిబ్రవరిలో గాని జరుగలేదు. ఆ నడుమ ఎరవుగదులలో చదివి పట్టము గొన్న తరగతులన్నిటికిని బెంగుళూరి రాతిపందిళ్లుగాని, హైదరాబాదు తెరపిగాని లేవు.

కావున పిల్లలను చేర్పింపబోవు తల్లిదండ్రులకు నాదొక మనవి. విద్యాలయమును పగటిపూట, వారు చూపినచోటులనే చూచి రాకుడు. వీలయినచో రాత్రి పదిగంటలకు చూడుడు. గ్రంథాలయము తెరచియున్నదా? ఆరుగురు బల్లచుట్టు గూర్చుండి మాటాడుటకు చోటెక్కడ? గుఱ్ఱపులాడపు గదిలో మెట్లు దిగలేని విద్యార్థి, చక్రాలకుర్చీలో వచ్చువాడు, ఏ వరుసలో గూర్చుండును? వేసవిలో నీరెక్కడనుండి వచ్చును? వసతికి, భోజనమునకు, విద్యుత్తునకు వేరువేరుగా ఎంతెంత యని రసీదులో వ్రాసియిత్తురా? ఇవి రంగుల పుస్తకములో నుండవు. అచ్చట రెండవ యేడు చదువుచున్న విద్యార్థి నొక్కని, అధికారి ప్రక్కన లేనప్పుడు, తేనీరు ద్రాగుచోట నడిగినచో పావుగంటలో తెలియును.