వేపచెట్టు కింద రెండున్నరేళ్ళు నిలబడ్డ ఆల్టో: 30 వేలలో మళ్ళీ రోడ్డెక్కించాం

నేను కందుకూరు నుంచి మాట్లాడుతున్నా, మన శ్రీశైలం హైవే పక్కన షెడ్డులోంచి. వెనకాల టిప్పర్ల సౌండ్ వస్తుంటుంది, కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

ఈ రోజు బండి ఒక 2011 మోడల్ మారుతి ఆల్టో. తెలుపు రంగు, పాత ఏపీ 29 నంబర్, అంటే మన రంగారెడ్డి బండే. మా ఊళ్ళో ఒక పిన్ని వాళ్ళది. బాబాయి 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఏడాది తిప్పాడో లేదో, ఆయన పోయాడు. అప్పట్నుంచి బండి ఇంటి ముందు వేపచెట్టు కిందే ఉంది. కవర్ లేదు, స్టార్ట్ చేసినోళ్ళు లేరు. స్క్రాప్ ఆయన వచ్చి 22 వేలిస్తా అన్నాడంట. కానీ వాళ్ళ పెద్దమ్మాయికి ఎయిర్‌పోర్ట్ కార్గోలో ఉద్యోగం వచ్చింది, నైట్ షిఫ్ట్. రాత్రి పదింటికి కందుకూరులో బస్సు కోసం నిలబడటం ఎట్లా ఉంటదో మనందరికీ తెలుసు. తుక్కుగూడ దాకా వెళ్ళి ఔటర్ ఎక్కితే శంషాబాద్ ఎంతసేపు? అందుకని బండి బాగు చేయిద్దాం అనుకున్నారు. చేతిలో ఉన్నది 30 వేలు. అంతకు మించి ఒక్క రూపాయి లేదు.

మొదటి రోజే తమ్ముడు, అంటే పిన్ని వాళ్ళ అబ్బాయి, ఫోన్‌లో వీడియోలు చూపించాడు. "అన్నా, సిరామిక్ కోటింగ్ చేయిద్దాం, సీట్ కవర్లు ఏసుకుందాం, టైర్లు తర్వాత సూస్కోవచ్చు కదా" అని. నేనేమన్నానంటే, తమ్ముడూ, ముందు టైరు మీద నాలుగంకెలు చదువు అన్నా. చదివాడు: 3415.

ఫ్రెండ్స్, ఈ నాలుగంకెలు చాలామందికి తెలియదు. టైరు పక్క గోడ మీద డాట్ అని మొదలయ్యే ఒక కోడ్ ఉంటుంది, దాని చివర గుడ్డు ఆకారం గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3415 అంటే 2015లో 34వ వారం. అరుగుదల చూస్తే బాగానే ఉంది, గాడి లోతు చట్టం అడిగే 1.6 మిల్లీమీటర్ల కంటే ఎక్కువే. కానీ రబ్బరు ఎండిపోయి, గోడ మీద సన్నని పగుళ్ళు. పైగా గాలి తగ్గి ఒకే చోట నిలబడటంతో కింద చదునుగా అయిపోయాయి. ఔటర్ మీద 120 పరిమితి ఉన్న లేన్లలో బండ్లు దూసుకెళ్తుంటే, పక్క లేన్‌లో రాత్రి రెండింటికి ఒంటరిగా వచ్చే అమ్మాయి బండికి ఆ టైరు పేలితే? సిరామిక్ కోటింగ్ మాట తమ్ముడు మళ్ళీ ఎత్తలేదు.

సో, పని మొదలు పెట్టే ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. బాబాయి ఈ బండి కొన్నది 2021లో అన్నా కదా. 2020 అక్టోబర్ 13 రాత్రి వాన గుర్తుందా? హైదరాబాద్‌లో ఎన్ని కాలనీలు మునిగాయో, ఎన్ని కార్లు తేలాయో. ఆ తర్వాత మునిగిన బండ్లు కడిగి అమ్మినోళ్ళు ఉన్నారు. అందుకే ఆ టైమ్ దగ్గర్లో చేతులు మారిన ఏ బండినైనా నేను మూడు చోట్ల చూస్తా. సీటు బెల్టు చివరి దాకా లాగుతా, లోపల చుట్టుకున్న భాగం మీద మట్టి గీత ఉంటే మునిగినట్టే. పైపైన కడిగినోళ్ళు బెల్టు మొత్తం లాగి కడగరు. డిక్కీలో స్టెప్నీ తీసి గుంత చూస్తా. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి, వైర్ల కట్టల్లో ఒండ్రు ఉందేమో, బ్రాకెట్లు తుప్పు పట్టాయేమో చూస్తా. ఈ బండిలో అవేం లేవు. మునిగిన బండి అయ్యుంటే స్క్రాప్‌కి ఇచ్చేయమని నేనే చెప్పేవాణ్ణి, ఎందుకంటే వైరింగ్ రోగం 30 వేలతో తీరదు.

తర్వాత తుప్పు. జాకీ పెట్టే చోట్లు, డోర్ల కింద పట్టీ, ఫ్లోరు, ఇవి స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడాలి. ఖంగున మోగితే ఇనుము ఉంది. బొద్దుగా, మెత్తగా వినిపిస్తే పుట్టీ ఉంది, లేదా తుప్పు తినేసింది. దీనికి డ్రైవర్ వైపు ఒక్క చోట అరచేయంత తుప్పు. వైర్ బ్రష్‌తో గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన పెయింట్ వేశాం. కనపడని చోటు కదా అని వదలకండి, అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు ఇంజిన్. ఇన్నేళ్ళు నిలబడ్డ బండికి బ్యాటరీ తగిలించి తాళం తిప్పేయకూడదు. సిలిండర్ల లోపల నూనె అంతా కిందికి దిగిపోయి గోడలు పొడిగా ఉంటాయి. మా మెకానిక్ ఏం చేశాడంటే, మూడు స్పార్క్ ప్లగ్గులు తీసి (ఇది 796 సీసీ, మూడే సిలిండర్లు) ఒక్కో దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేశాడు. పొద్దున క్రాంక్ పుల్లీకి స్పానర్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పాడు. తిరిగింది. ఆ క్షణం పిన్ని అక్కడే నిలబడి ఉంది, మేము నవ్వితే గానీ ఆమెకి అర్థం కాలేదు. ఇంజిన్ పట్టేసి ఉంటే కథ అక్కడే అయిపోయేది.

ట్యాంకులో పెట్రోల్ మొత్తం తీసేశాం. పాత పెట్రోల్ జిగురుగా మారుతుంది, పైగా ఇందులో ఇథనాల్ కలుస్తుంది కదా, అది గాల్లో తేమని లాక్కుంటుంది. రంగు చూస్తే టీ డికాషన్. ఫ్యూయెల్ ఫిల్టర్ మార్చాం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే ఎలుక గూడు! గోనె పీచు, వేప పుల్లలు, వేరుశనగ పొట్టు, దానికి ఫుల్ ఫర్నిచర్ ఉంది. రెండు వైర్లు కొరికింది, అవి అతికించాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎలుక గూడు, దాని పెంటికలు పొడిగా ఉన్నప్పుడు చీపురుతో ఊడ్చొద్దు, బ్లోయర్ అస్సలు పెట్టొద్దు. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, చేతికి చిన్న గాయం ఉన్నా చాలు. గ్లవ్స్, మాస్క్ వేసుకుని, ముందు బ్లీచింగ్ నీళ్ళు చల్లి తడిపి, కాసేపు ఆగి, గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి.

బ్రేకులకొస్తే, వెనక చక్రాలు అసలు తిరగలేదు. బాబాయి చివరిసారి బండి పెట్టినప్పుడు హ్యాండ్ బ్రేక్ లాగి పెట్టాడు. అది మంచి అలవాటే, కానీ రెండున్నరేళ్ళకి లోపల షూ వెళ్ళి డ్రమ్ముకి అతుక్కుపోయింది. మీరు కూడా బండి నెలల తరబడి వదిలి ఊరెళ్తుంటే హ్యాండ్ బ్రేక్ దించి, గేర్లో పెట్టి, చక్రానికి ఇటుక పెట్టండి. షూలు, ముందు ప్యాడ్లు, వీల్ సిలిండర్ కిట్లు కొత్తవి వేశాం. బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చాం. అది కూడా తేమని పీల్చుకునే రకమే, రెండేళ్ళకోసారి మార్చాలి. మన దగ్గర ఎవరూ మార్చరు అనుకోండి. ఈ ఇంజిన్‌కి టైమింగ్ బెల్టు ఉంటుంది, చైన్ కాదు. ఎన్ని కిలోమీటర్ల కింద మార్చారో కాగితం దొరకలేదు, కాబట్టి అది కూడా కొత్తది. అర్ధరాత్రి ఔటర్ మీద తెగితే బండి అక్కడే ఆగిపోతుంది.

లెక్క చెప్పేస్తా. టైర్లు నాలుగు 10,400. బ్యాటరీ పాతది ఇచ్చేసి 3,500. బ్రేకులన్నీ కలిపి 3,400. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, కూలెంట్ 2,550. బెల్టు, టెన్షనర్ 2,200. ఫ్యూయెల్ ఫిల్టర్, ట్యాంకు పని 450. మెకానిక్ కూలి 3,500. అంతా 26,000. సామాన్లు చాలావరకు కోఠి దగ్గర పుత్లీబౌలిలో తెచ్చాం. అక్కడ పాత పార్టు చేతిలో పట్టుకెళ్ళి చూపించండి, మాటల్లో చెప్తే ఇంకోటి అంటగడతారు.

మిగిలింది 4 వేలు. అందులో 2 వేలతో క్లీనింగ్ మొత్తం మేమే చేశాం. తమ్ముడు వెయిట్ చేసిన పార్ట్ ఇదే!

మన ఏరియాలో దుమ్ము సంగతి తెలిసిందే. ఎర్రమట్టి, క్రషర్ పొడి, రెండూ. క్రషర్ పొడి అంటే రాయి పొడి. పొడి గుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే, గుండ్రటి గీతలు పడతాయి. ముందు నీళ్ళు బాగా కొట్టాలి. నీడలో, పైనుంచి కిందికి. రెండు బకెట్లు పెట్టుకోండి: ఒకటి షాంపూ నీళ్ళు, ఒకటి గుడ్డ జాడించడానికి మంచినీళ్ళు. బట్టల సర్ఫ్, గిన్నెల సబ్బు వద్దు, పెయింట్ మీద ఏ కాస్త వ్యాక్స్ ఉన్నా తీసేస్తాయి. కడిగాక వెంటనే మైక్రోఫైబర్‌తో తుడిచేయాలి, మన బోరు నీళ్ళు ఆరితే తెల్ల మచ్చలు. ఆల్రెడీ మచ్చలుంటే వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి తుడిచి, కడిగేయండి.

వేపజిగురు గోటితో గీకొద్దు. కరోనా టైమ్‌లో కొన్న శానిటైజర్ బాటిల్ ప్రతి ఇంట్లో ఇంకా ఉంటుంది, అదే వాడాం. దూదికి అద్ది జిగురు మీద నిమిషం పెడితే మెత్తబడుతుంది. ముందు కనపడని మూల టెస్ట్ చేసుకోండి. పక్షి రెట్టలకైతే వేడినీళ్ళ గుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచితే చాలు.

ఇప్పుడు ఒక ట్రిక్. పల్చటి పాలిథిన్ కవర్లో చెయ్యి పెట్టి బానెట్ మీద నిమరండి. కంటికి శుభ్రంగా కనపడ్డా, గరగరలాడుతుంది. అది పెయింట్‌కి అతుక్కున్న మురికి. క్లే బార్ అని బంకమట్టిలా ఉంటుంది, షాంపూ నీళ్ళు చల్లుతూ దాంతో రుద్దితే పోతుంది. కింద పడితే మాత్రం ఆ ముక్క పారేయండి. తర్వాత రబ్బింగ్ కాంపౌండ్, చేత్తోనే, ముందు ఒక అడుగు చోట. గుడ్డకి బండి రంగు అంటితే పైన క్లియర్ కోట్ లేదని అర్థం, ఇంకా తేలిగ్గా రుద్దాలి. అంచుల దగ్గర పెయింట్ పల్చగా ఉంటుంది, అక్కడ ఆగండి. రూఫ్ మీద ఒక చోట పెయింట్ పొరగా లేచిపోయింది. అది ఏ పాలిష్‌కీ రాదు, అట్లనే వదిలేశాం. బస్సులోంచి చూసేవాళ్ళకి తప్ప ఎవరికీ కనపడదు.

హెడ్‌లైట్లు పసుపు పచ్చగా మారాయి. నైట్ షిఫ్ట్ బండికి ఇది అందం విషయం కాదు, చూపు విషయం. టూత్‌పేస్ట్ వీడియోలు చూసే ఉంటారు, కొన్ని వారాలు బాగుంటుంది, మళ్ళీ పసుపే. మేము 800, 1500, 2000, 3000 నంబర్ వాటర్ పేపర్లు వరసగా, నీళ్ళు పోస్తూ రుద్దాం. మొదటి పేపర్‌కి అద్దం మొత్తం తెల్లగా మసక అవుతుంది, తమ్ముడు భయపడి "పాయె అన్నా, పాయె!" అన్నాడు. చివరికి కాంపౌండ్‌తో రుద్దితే అద్దంలా తేలింది. పైన వ్యాక్స్ పూశాం, అది నెల రెండు నెలలకోసారి పూయాలి, లేకపోతే ఎండకి మళ్ళీ మొదలు.

లోపలికొస్తే, సీట్లు బోల్టులు విప్పి బయట పెట్టాం. కార్పెట్ ఎత్తి ఎండలో వేశాం. వాసనకి వంట సోడా చల్లి రాత్రంతా ఉంచి వాక్యూమ్ పట్టాం. వాక్యూమ్ పక్కింటి వాళ్ళది. స్టీరింగ్‌కి, పెడళ్ళకి ఆ మెరిసే పాలిష్ మాత్రం పూయొద్దు, జారుతుంది. డ్యాష్‌బోర్డు డబ్బాలో బాబాయి కళ్ళజోడు, పెట్రోల్ రశీదులు ఉన్నాయి. అద్దం మీద వెలిసిపోయిన మల్లన్న బొమ్మ స్టిక్కర్ ఒకటి. నేను బ్లేడు తీస్తుంటే పిన్ని వచ్చి, "అది ఉండనియ్యి బిడ్డా" అంది. ఉంచేశాం. డ్రైవర్ చూపుకి అడ్డం లేదు.

బ్రేకులు సెట్ అవ్వడానికి నేరుగా హైవే ఎక్కలేదు. మన దగ్గర ప్లాట్లు అమ్మేసి ఇళ్ళు రాని వెంచర్లు బోలెడు కదా, ఆ ఖాళీ సీసీ రోడ్ల మీద 20, 30, 40 స్పీడ్‌లో ఆపుతూ చూశాం. అక్కనే నడపమన్నా, నేను పక్కన కూర్చున్నా.

చివరిగా, ఇది మెరుపు కంటే పెద్ద విషయం: కాగితాలు. ఆర్‌సీ ఇంకా బాబాయి పేరు మీదే ఉంది. ఓనర్ చనిపోతే వారసులు ఫారం 31తో మూడు నెలల్లో పేరు మార్పుకి అప్లై చేయాలి. చేయకుండా తిప్పితే, రేపేదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది. మరణ ధ్రువపత్రం, వారసుల కాగితం పట్టుకుని లేటుగానైనా ఆర్టీవోలో పెట్టాం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 1000 సీసీ లోపు కార్లకి 2,094, పన్ను అదనం. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా. మిగిలిన 2 వేలు సరిపోలేదు, ఈ కాస్త పిన్ని చీటీ డబ్బుల్లోంచి తీసింది. ఇంకోటి, ఈ బండికి 2026లో 15 ఏళ్ళు నిండుతాయి. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయ్యింది, అది కాక గ్రీన్ ట్యాక్స్. అక్కకి ఇప్పుడే చెప్పా, జీతంలోంచి నెలకి కొంచెం పక్కన పెట్టమని.

ఓకే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో ఏసీ పని చేయని బండికి గ్యాస్ పట్టించే ముందు ఏం చూడాలో చెప్తా. ఈలోపు కిందికెళ్ళి మీ బండి టైరు మీద నాలుగంకెలు చూసి కామెంట్‌లో రాయండి. నాన్న స్కూటర్‌వైనా సరే.