తాగుడు ఒక్కసారిగా బంద్ పెడుతున్నారా? మొదటి నాలుగు రోజులే అసలు గండం.. ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సినవి ఇవే!

"రేపటి నుంచి ముట్టను" అని ఒట్టేసి పడుకుంటాడు. తెల్లారేసరికి చేతులు వణుకుతుంటాయి. ఒళ్లంతా చెమటలు. రెండో రాత్రికి నిద్ర ఉండదు. మూడో రోజు గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరుస్తాడు, కన్నబిడ్డలనే గుర్తుపట్టడు. గాలి సోకిందేమోనని ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టిస్తారు. ఇంకొందరు చూడలేక, "కొంచెం తాగితే తగ్గుతది" అని మళ్లీ సీసా చేతికిస్తారు.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి. మానాలనుకోవడం మంచిదే. కానీ ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి డాక్టర్ సాయం లేకుండా ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదకు రావచ్చు. ఈ ఒక్క విషయం తెలియకే చాలామంది చికిత్స వరకూ వెళ్లడం లేదు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ఆల్కహాల్ మెదడుకు బ్రేక్ లాంటిది. రోజూ ఆ బ్రేక్ పడుతుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. తాగుడు ఆపిన రోజు బ్రేక్ పోతుంది, వేగం మాత్రం అలాగే ఉంటుంది. అందుకే వణుకు, గుండెదడ, చెమటలు.

ఇది గంటల లెక్కన నడుస్తుంది. చివరిసారి తాగిన 6 నుంచి 8 గంటల్లో వణుకు మొదలవుతుంది. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. 2 నుంచి 4 రోజుల మధ్య కొందరికి జ్వరం, గందరగోళం, లేనివి కనిపించడం, వినిపించడం మొదలవుతాయి. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే మనిషి చనిపోవచ్చు. సరైన సమయంలో ఆస్పత్రికి తీసుకొస్తే చాలామంది కోలుకుంటారు.

"మందు ముట్టను.. కల్లే తాగుతా" అంటే?

ఉత్తర తెలంగాణలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈత, తాటి చెట్ల నుంచి దించిన అసలు కల్లులో ఆల్కహాల్ తక్కువే. కానీ చెట్ల నుంచి వచ్చేది గిరాకీకి సరిపోదు. దాంతో కొన్నిచోట్ల నీళ్లు, చక్కెర, శాక్రిన్‌తో పాటు నిషా కోసం క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలం లాంటి మత్తు మందులు కలుపుతారు. ఇవి నిద్రమాత్రల కోవకు చెందినవి. రోజూ తాగేవాళ్లు తెలియకుండానే ఈ మందులకు అలవాటు పడిపోతారు. ఒక్కసారిగా ఆపితే ఆల్కహాల్ మానినప్పటిలాగే ఫిట్స్, పిచ్చి చూపులు, నిద్ర లేకపోవడం లాంటివి వస్తాయి.

ఇది ఎంత పెద్ద సమస్యో 2015లో అందరికీ తెలిసొచ్చింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరఫరా తగ్గగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వింత ప్రవర్తనతో ఆస్పత్రులకు క్యూ కట్టారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్స్, కల్లు దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రిలోనూ అదే పరిస్థితి. ఇక 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలే కోల్పోయారు.

కల్లు విషయంలో ఇంకో సంగతి ఉంది. ఆడవాళ్లు, పెద్దవయసు వాళ్లు కూడా తాగుతారు. దాన్ని ఎవరూ వ్యసనం అనుకోరు. పొద్దంతా బీడీలు చుట్టి, నాట్లేసి వచ్చిన అమ్మ ఒళ్లు నొప్పులకని ఓ సీసా తాగితే ఎవరు తప్పు పడతారు? ఆ అమ్మే కాలు విరిగి ఆస్పత్రిలో చేరితే మూడో రోజు రాత్రి సెలైన్ పీకేసి, "ఇంటికి పోతా" అని కేకలు వేయొచ్చు. వయసు మీదపడి మతి తప్పిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి ఆమెకు మూడు రోజులుగా కల్లు అందలేదు.

అందుకే ఏ జబ్బుతో ఆస్పత్రిలో చేర్చినా సరే.. "మా అమ్మ రోజూ కల్లు తాగుతది సార్" అని మొదటి రోజే డాక్టర్‌కు చెప్పాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ ఒక్క మాటతో ప్రాణం నిలబడొచ్చు.

ఆదిలాబాద్ వైపు సమస్య వేరు

మహారాష్ట్ర సరిహద్దు కావడంతో ఆదిలాబాద్ వైపు దేశీదారు వస్తుంది. నల్లబెల్లం, పటికతో కాసే గుడుంబా సమస్య పాతదే. ఆదివాసీ గూడేల్లో ఇప్పసారాకు దేవుళ్ల పూజల్లో చోటుంది. పండుగకు తీసుకోవడం వేరు, పొద్దున లేవగానే అది లేకపోతే చేతులు వణకడం వేరు. రెండోదానికే చికిత్స కావాలి.

ఇప్పుడు కుర్రాళ్లలో గంజాయి భయం ఎక్కువైంది. పత్తి, కంది చేలల్లో అంతరపంటగా గంజాయి మొక్కలు వేసి పట్టుబడ్డ కేసులు ఆదిలాబాద్ జిల్లాలో చాలానే ఉన్నాయి. గంజాయి మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం సాధారణంగా ఉండదు. కానీ నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, చిన్న మాటకే కోపం వస్తుంది. మొదటి వారంలో ఇవి ఎక్కువగా ఉంటాయి. ఎవరో తనను చంపడానికి వస్తున్నారని అనుమానం, చెవుల్లో మాటలు వినిపించడం లాంటివి ఉంటే మాత్రం వెంటనే సైకియాట్రిస్ట్‌కు చూపించాలి.

ఎక్కడికి వెళ్లాలి?

ఒకప్పుడు ఈ చికిత్స అంటే ఎర్రగడ్డే గుర్తొచ్చేది. ఇప్పుడు అంత దూరం పోనక్కర్లేదు. ఆదిలాబాద్‌లో 2008 నుంచి రిమ్స్ ఉంది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వీటికి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి మానసిక వైద్య విభాగం ఓపీ అడగాలి.

ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ నంబర్ 14416. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం. డీ అడిక్షన్ కోసం కేంద్ర సామాజిక న్యాయ శాఖ హెల్ప్‌లైన్ 14446.

ఫిట్స్ వచ్చినా, జ్వరంతో పాటు మనుషుల్ని గుర్తుపట్టకపోయినా ఫోన్లతో టైం వేస్ట్ చేయొద్దు. నేరుగా 108కి కాల్ చేయాలి. ఫిట్స్ వస్తున్నప్పుడు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. చేతిలో తాళంచెవి పెడితే ఫిట్స్ ఆగవు.

చికిత్స ఎలా ఉంటుంది?

మొదటి దశలో ఒంట్లోంచి మత్తు దింపుతారు. దీనికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. వణుకు, ఫిట్స్ రాకుండా మందులిచ్చి మెల్లమెల్లగా డోసు తగ్గిస్తారు. కల్తీ కల్లుకు అలవాటు పడినవాళ్లకు ఇది వారాలు పట్టొచ్చు. దాంతోపాటు థయామిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఎక్కువగా తాగేవాళ్ల ఒంట్లో ఇది అడుగంటిపోయి ఉంటుంది. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. థయామిన్ ఇచ్చాకే గ్లూకోజ్ అనేది ఇందుకే.

రెండో దశలోనే అసలు పని ఉంటుంది. మళ్లీ తాగాలన్న కోరికను తగ్గించే మందులు, కౌన్సెలింగ్, కుటుంబంతో మాట్లాడటం నెలల తరబడి సాగుతాయి. పది రోజులకే "బాగైపోయిండు" అని ఇంటికి తీసుకొచ్చి మందులు ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ పొరపాట్లు చేయొద్దు

తాగుడు మాన్పించే పొడి అని అమ్మేవాటిని కూరలో, చాయ్‌లో కలిపి ఇవ్వొద్దు. అందులో డైసల్ఫిరామ్ ఉంటే ఇంకా ప్రమాదం. ఆ మందు వాడుతున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాల్సిన మందు అది. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొని ఇవ్వడం కూడా అంతే ప్రమాదం.

ప్రైవేట్ సెంటర్‌లో చేర్చే ముందు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమని అడగాలి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. గొలుసులతో కట్టేయడం ఆ చట్టం ప్రకారం నిషేధం. ఇంట్లోవాళ్లను కలవనివ్వం, ఫోన్ మాట్లాడనివ్వం, డాక్టర్ అప్పుడప్పుడు వస్తాడు అని చెప్పే చోట మనిషిని వదిలి రావొద్దు.

కేసు పెడతారా?

గంజాయి విషయంలో తల్లిదండ్రులు వెనకడుగు వేసేది ఈ భయంతోనే. ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసులకు చెబుతారేమోనని కొడుకును ఇంట్లోనే దాచుకుంటారు. కానీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని చట్టమే చెబుతోంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ కూడా ఉంది. వాడినందుకు లేదా చిన్న పరిమాణంలో దొరికినందుకు కేసు ఎదుర్కొంటున్న బాధితుడు తనంతట తాను ముందుకొచ్చి గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్లకు ఇది వర్తించదు.

మళ్లీ తాగితే అంతా వృథానా?

కాదు. షుగర్, బీపీ ఒక్కసారి కంట్రోల్ తప్పితే మందులు పారేయం కదా.. ఇదీ అంతే. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో విడుదలైన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్స అందింది. ఆస్పత్రిలో చేరి చికిత్స తీసుకున్నది 180 మందిలో ఒక్కరే. మిగతావాళ్లు ఇంట్లోనే ఒట్లు వేస్తూ, వణుకుతూ, మళ్లీ తాగుతూ ఉండిపోయారు.

పాత దోస్తులు పిలిచే సాయంత్రాలు, కూలి డబ్బులు చేతికొచ్చే రోజు, పెళ్లి, దావత్.. జారిపోయేది ఇలాంటప్పుడే. తిట్టి గదిలో పెట్టి తాళం వేస్తే మనిషి దాచి తాగడం నేర్చుకుంటాడు. "మళ్లీ తాగినవా? సరే, రేపు పొద్దున దవాఖానకు పోదాం" అనే మాటకు దాచుకోవాల్సిన అవసరం ఉండదు. ఆ మాట అన్నాక మరునాడు బస్సెక్కి వెంట వెళ్లే మనిషి ఇంట్లో ఒక్కరున్నా చాలు, చికిత్స ఆగిపోకుండా ముందుకు సాగుతుంది.