చిన్న వయసు తల్లికి పెద్ద దిక్కు కావాలి

వరాలా తలావ్ పరిసరాల్లో, పద్మానగర్ గల్లీల్లో మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా సాంచాలను నమ్ముకుని బతుకుతున్నాయి. ఊరి నుంచి వెంట తెచ్చుకున్న ఆచారాల్లో తొలి కాన్పు పుట్టింట జరపడం ఒకటి. మంచి ఆచారమే. కానీ కాబోయే తల్లికి పదహారో పదిహేడో ఏళ్లే అయితే, ఆ ప్రయాణం గురించి నేను రెండు మాటలు చెప్పక తప్పదు.

ఆడపిల్లకు 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం నేరమని 2006 చట్టం చెబుతోంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 15-19 ఏళ్ల వారిలో మహారాష్ట్రలో 7.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం, తెలంగాణలో 5.8 శాతం మంది తల్లులో గర్భిణులో అయ్యారు.

ఆ వయసులో పిల్ల ఒళ్లే ఇంకా ఎదుగుతుంటుంది. తిన్న తిండి తనకూ బిడ్డకూ చాలదు. రక్తం తగ్గుతుంది. రక్తపోటు పెరిగి గుర్రపువాతం రావచ్చు. కాన్పు తర్వాత చీము పట్టి జ్వరం రావచ్చు. బిడ్డ నెలలు నిండకుండా, రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం కూడా ఎక్కువే.

మరి ఏం చేయాలి? మూడు నెలల్లోపే ఆస్పత్రిలో పేరు రాయించండి. కనీసం నాలుగుసార్లు పరీక్ష చేయించండి. ప్రతి నెల 9వ తేదీన సర్కారు దవాఖానాల్లో గర్భిణులకు ఉచితంగా ప్రత్యేక పరీక్షలుంటాయి. ఐరన్ మాత్రలు 180 రోజులు వేయాలి, చాయ్‌తో మాత్రం వద్దు. పుట్టింటికి పంపేటప్పుడు చీర సారెతోపాటు తల్లీబిడ్డల రక్షణ కార్డు తప్పక పెట్టండి. అక్కడి డాక్టరుకు ఇక్కడి సంగతులు తెలిపేది అదే. ఎక్కడ కాన్పు చేయించాలో ముందే తేల్చుకోండి. తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాపు, రక్తస్రావం కనిపిస్తే ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయండి.

కేసవుతుందన్న భయంతో కొందరు వయసు దాస్తారు, కొందరు ఆస్పత్రికే తీసుకెళ్లరు. ఆ భయం చివరికి పిల్ల ప్రాణం మీదికే వస్తుంది.

పథ్యం పేరుతో బాలింత కడుపు మాడ్చకండి. పాలిచ్చే తల్లికి తిండీ నీళ్లూ ఎక్కువే కావాలి. బరువు తక్కువ బిడ్డను తల్లి గుండెలకు ఆనించి వెచ్చగా ఉంచాలి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేమీ వద్దు. కండెలు చుట్టే పని కొన్నాళ్లు అత్తగారే చూసుకుంటే, రాత్రి బిడ్డ ఏడిస్తే భర్త కాసేపు ఎత్తుకుంటే, ఆ పిల్ల కోలుకుంటుంది. రెండో కాన్పుకు తొందరపెట్టకండి.

ఇక పెళ్లి కాని పిల్లల సంగతి. మన గల్లీలో ఎక్కడైనా పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి ముహూర్తం పెడుతుంటే, భోజనాలకు వెళ్లడం కాదు, 1098కి ఫోన్ చేయడం మన బాధ్యత.