చట్టం రద్దయిందట... మరి కేసు?

‘ఫలానా చట్టం రద్దు’ అని టీవీలో స్క్రోలింగ్ రాగానే ఆ చట్టం ఆ క్షణంలోనే పోయిందనీ, దాని కింద పెట్టిన కేసులూ పోయినట్టేననీ చాలామంది అనుకుంటారు. రెండూ నిజం కాదు.

అపోహ: పెద్దాయన సంతకం పెడితే చట్టం పోతుంది.

వాస్తవం: చట్టాన్ని తీసేయాలన్నా మరో చట్టం చేయాల్సిందే. 2024 జూన్‌లో చంద్రబాబు నాయుడు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా బాధ్యతలు తీసుకుంటూ ల్యాండ్ టైట్లింగ్ చట్టం రద్దు ఫైలుపై సంతకం చేశారు. ఆ సంతకంతో పని మొదలైందంతే. రద్దు బిల్లును శాసనసభ ఆమోదించింది జులైలో. మూడు సాగు చట్టాల సంగతీ అంతే. ప్రధాని వాటి రద్దును 2021 నవంబరు 19న ప్రకటించారు, పార్లమెంటు రద్దు బిల్లును ఆమోదించింది 29న. అప్పటికే సుప్రీంకోర్టు స్టే ఉండటంతో అవి అమల్లో లేవు గానీ, చట్టాలుగా మాత్రం ఉన్నాయి. స్టే అంటే ఆపడమే, రద్దు కాదు.

అపోహ: ఐపీసీ పోయింది కాబట్టి పాత కేసులు చెల్లవు.

వాస్తవం: కోర్టు వరండాల్లో ఈ మాట తెగ తిరుగుతోంది. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మనం తిట్టుగా కూడా వాడేసుకున్న ‘ఫోర్ ట్వంటీ’ ఇప్పుడు 318(4). అయితే లేని ప్లాటు చూపించి జూన్‌లో అడ్వాన్సు గుంజినవాడిపై ఆగస్టులో ఫిర్యాదు చేసినా, ఎఫ్ఐఆర్‌లో పడేది పాత 420 సెక్షనే. చూడాల్సింది నేరం జరిగిన తేదీని, ఫిర్యాదు ఇచ్చిన తేదీని కాదు. కొత్త సంహితలోని 358వ సెక్షన్ ఈ సంగతి విడమరిచి చెప్పింది. అది చెప్పకపోయినా 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ఉండనే ఉంది. రద్దుకు ముందు వచ్చిన హక్కులు, పడ్డ బాధ్యతలు, శిక్షలు అలాగే ఉంటాయంటుంది దాని 6వ సెక్షన్, రద్దు చట్టం వేరేగా చెబితే తప్ప.

అపోహ: కోర్టు కొట్టేస్తే పుస్తకంలోంచి కూడా పోతుంది.

వాస్తవం: పోదు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఆరేళ్ల తర్వాత కూడా పోలీసులు దాని కింద కేసులు పెడుతున్నారని తెలిసి కోర్టే విస్తుపోయింది. అటార్నీ జనరల్ చెప్పిన కారణం చిత్రమైనది. అప్పట్లో చట్టం పుస్తకంలో సెక్షన్ యథాతథంగా ఉండేది, కొట్టేసిన సంగతి అడుగున ఫుట్‌నోట్‌లో ఉండేది! స్టేషన్లో ఫుట్‌నోట్లు ఎవరు చదువుతారు?

అన్నట్టు, ఒక పాత చట్టాన్ని రద్దు చేసిన చట్టాన్నే తర్వాత రద్దు చేసినా, ఆ పాతది దానంతటదే లేచి రాదు. కేంద్ర చట్టాల్లో అయితే పాతదాన్ని మళ్లీ తేవాలన్న ఉద్దేశాన్ని స్పష్టంగా రాయాలి.

ఐపీసీ కింద మీ మీద పాత కేసు ఉంటే, ‘రద్దయిందిగా’ అనుకుని వాయిదా ఎగ్గొట్టకండి. వారంటు వస్తుంది.