పెరట్లో వామాకు

వామాకు పెంచడానికి పెరడే ఉండక్కర్లేదు. పగిలిన కుండ ఉన్నా చాలు. గింజ నాటే పని లేదు. ఒక కొమ్మ తుంచి మట్టిలో గుచ్చితే బతుకుతుంది. నీళ్ళు మాత్రం నిలవకూడదు, వేరు కుళ్ళిపోతుంది. ఆకు మందంగా ఉంటుంది. మీద సన్నని నూగు ఉంటుంది. నలిపితే వాము వాసన గుప్పున కొడుతుంది.

ఆ వాసన చూసి, వాము గింజలు ఈ మొక్కకే కాస్తాయని చాలామంది అనుకుంటారు. కాదు. మనం జంతికల్లో వేసే వాము కొత్తిమీర జాతి మొక్కది. వామాకు తులసి జాతిది. రెండిటిలోనూ ఒకే రకం ఘాటు నూనె ఉంది. అందుకే వాసన కలిసింది.

వామాకు బజ్జీలు తెలియని వాళ్ళు తక్కువ. శనగపిండిలో కాస్త బియ్యప్పిండి, ఉప్పు, కారం వేసి జారుగా కలపాలి. ఆకులు కడిగి, తడి తుడిచి, పిండిలో ముంచి వేయించాలి. తడి ఉంటే నూనె చిమ్ముతుంది. నాలుగు ఆకులు నేతిలో వేయించి, నూరి, పెరుగులో కలిపితే పచ్చడి. ఆకు ఎక్కువైతే నాలుక మండుతుంది.

ఇండోనేషియాలో సుమత్రా అనే దీవి ఉంది. అక్కడి బటక్ జాతి వాళ్ళు బాలింతకు ఈ ఆకుతోనే చారు కాచి పోస్తారు. పాలు పడతాయని వాళ్ళ నమ్మకం.

మన ఇళ్ళలో దగ్గుకు, జలుబుకు వాడతారు. ఆకును సెగ మీద వాడ్చి, రసం పిండి, తేనెతో తాగుతారు. పెద్దవాళ్ళకు గొంతు హాయిగా ఉంటుంది. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె నాకించకూడదు. తేనెలో ఒక్కోసారి ఉండే క్రిమి పసిబిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది.

"ఆకు రసం పోశాం కదమ్మా, రేపటికి తగ్గుతుందిలే" అంటుంది అత్త. మామూలు జలుబు అయితే తగ్గుతుంది. నిమ్ము అయితే తగ్గదు. తేడా ఎలా తెలుస్తుంది? బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, గడియారం చూస్తూ, ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. అంకెలు నేర్చిన తల్లికి ఇంతకన్నా పనికొచ్చే లెక్క లేదు.

రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, అయిదేళ్ళ లోపు బిడ్డకు 40. అంతకు చేరినా, దాటినా అది నిమ్ము కావచ్చు. డొక్కలు ఎగరేసినా, పాలు తాగలేకపోయినా లెక్కతో పని లేదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేస్తే బండి వస్తుంది. దానికి డబ్బు కట్టక్కర్లేదు.